అరువదియవ యేడు ఎవరిది?

తమిళదేశమున, తూర్పు సముద్రతీరమునకు చేరువలో, తిరుక్కడైయూరను గ్రామమున్నది. అచ్చటి అమృతఘటేశ్వరుని ఆలయములో ఏడాది పొడవునను పెండ్లిండ్లు జరుగుచుండును. ఆ పెండ్లిండ్లలో వధూవరులు యువకులు కారు. తల నెరసిన దంపతులు మెడలో పూలదండలతో పీటలపై కూర్చుందురు. కుమారులు, కుమార్తెలు, కోడండ్రు, అల్లుండ్రు, మనుమలు వరుసగా వచ్చి వారి తలలపై కలశోదకము పోయుదురు. వరుడు వధువు మెడలో మరల సూత్రము కట్టును. కొందరికి అది అరువదియవ యేడు, కొందరికి డెబ్బదియవది, ఎనుబదియవది. వచ్చినవారందరును వేడుకగానే యుందురు. కాని ఈ వేడుకకు వేరు భయములో నున్నది.

మార్కండేయుని కొరకు శివుడు యముని తన్నిన చోటు ఇదియే యని స్థలపురాణము చెప్పును. ఆ బాలునికి ఆయువు పదునారేండ్లే. కనుక ఆ కథలో లెక్కకు వచ్చిన పుట్టినరోజు పదునారవది. దానికై తల్లిదండ్రులు దినములు లెక్కించినది సంతోషముతో కాదు. పెద్ద పుట్టినరోజులకు మన పూర్వులు పెట్టిన పేర్లలోను ఈ జంకు కానవచ్చును. అరువదియవ యేటిది ఉగ్రరథ శాంతి, డెబ్బదియవ యేటిది భీమరథ శాంతి. శాంతి చేయుటయనగా ఏదియో ఉగ్రమై యున్నదని ఒప్పుకొనుటయే గదా. దీపములార్పి మిఠాయి కోయు నేటి పుట్టినరోజులో ఆ భయము లేదు. అది మంచిదో కాదో చెప్పుట అంత సులభము కాదు. గండము గడచినవాని సంతోషము వేరు, గండమే యెరుగనివాని సంతోషము వేరు.

అరువదియే ఏల? ప్రభవతో మొదలై అక్షయతో ముగియు సంవత్సరముల పేర్లు అరువది. బృహస్పతి సుమారు 12 ఏండ్లకును, శని సుమారు 30 ఏండ్లకును రాశిచక్రమును చుట్టివచ్చును. ఆ రెండు నడకలును కలిసికొనుట అరువదింట. 1965 ఉగాదితో ప్రవేశించిన విశ్వావసు మరల 2025 ఉగాదితో ప్రవేశించెను. పుట్టిన యేటి పేరును రెండవమారు వినుట చాలమందికి జన్మలో ఒక్కసారియే. అయితే ఆకాశమునే ప్రమాణముగా తీసికొన్నచో మరియొక లెక్కయు కలదు. 19 సౌరవత్సరములలో 235 చాంద్రమాసములు దాదాపు సరిగా ఇముడును. అందుచే పుట్టిన తిథియు పుట్టిన తేదీయు 19, 38, 57 ఏండ్లకు తిరిగి ఒక్కచోట కలియును. ఆ 57ను ఎవరును పట్టించుకొనరు. దానికి శాంతి లేదు, విందు లేదు. మనుష్యుడు గ్రహములను సాక్ష్యమునకు పిలుచునే కాని తీర్పు మాత్రము తానే వ్రాసికొనును.

ఈ సాక్ష్యమను మాట యొద్ద కొంచెము నిలువవలెను. ఒక మనుష్యుని జీవితములో జరిగిన సంగతులన్నిటిలోను వాని మాట చెల్లనిది ఒకటే కలదు. అది వాని పుట్టుక. ఎంతటి జ్ఞానియైనను తాను పుట్టిన దినమును ఇతరులు చెప్పగా విన్నవాడే. చూచినది తల్లి. కాబట్టి పుట్టినరోజు మొదటినుండియు పుట్టినవానిది కాదు, కన్నదానిది. తెలుగింట తల్లి తలంటి పోసి పరమాన్నము వండును. వంగదేశమున పాయేష్ అను పాలన్నమును గిన్నెతో బిడ్డ ముందు పెట్టును. కేరళమున జన్మనక్షత్రము వచ్చిన దినమున అరటియాకులో సద్య వడ్డింతురు. వంటకము మారును గాని వండు చేతి అధికారము ఒక్కటే. నీవెప్పుడు వచ్చితివో నేనెరుగుదునని చెప్పు అధికారమది.

తల్లి పోయిన తరువాత ఆ సాక్షి లేడు. అప్పుడు ఆ పనిని ఇల్లంతయు తలకెత్తుకొనును. షష్టిపూర్తి యందలి సొగసు ఇచ్చటనే యున్నది. తల్లి తన బిడ్డ పుట్టుకను చూచినది. బిడ్డ తల్లి పెండ్లిని చూడలేదు, చూచుటకు వీలును లేదు. అరువదియవ యేట ఆ లోటు తీరును. కన్నబిడ్డలు పెండ్లిపెద్దలై, తమకంటె ముందు జరిగిన ఒక శుభకార్యమును కన్నులార చూతురు. తండ్రి చేతులు సూత్రపు ముడి వేయుచు వణకును, తల్లి సిగ్గుపడును, మనుమరాలు నవ్వును. మూడు తరములు ఒకరి పుట్టుకకు ఒకరు సాక్షులుగా నిలిచిన క్షణమది. ఇంతటి మంచి యూహను పండితులు పుస్తకములలో పెట్టక పీటలమీదను బిందెలలోను పెట్టుట చేతనే అది ఇన్ని తరములు నిలిచినదని తోచును. నీ వయస్సు నీ ఒక్కనిది కాదని ఇంతకంటె చక్కగా చెప్పుట కష్టము.

అయినను పీటమీద కూర్చున్న యిద్దరిలో అరువది నిండినది ఎవరికి? భర్తకు. భార్యకు అప్పటికి ఏబదియైదో, ఏబదియాఱో. ఆమెకు అరువది నిండుట మరి కొన్ని యేండ్లకు జరుగును. ఆ దినమున ఆమె తెల్లవారుజామున లేచి పాలు కాచును, మనుమనికి జడివానలో తడిసిన బట్టలు మార్చును, రాత్రి తలుపు గడియ వేసి పడుకొనును. ఆమె పుట్టిన సంవత్సరము పేరును తిరిగి వచ్చియే యుండును; పంచాంగమునకు స్త్రీపురుష భేదము లేదు. ఈ నడుమ భర్త పోయినచో అదియును లేదు. సువాసినికి పక్కపీట కలదు, తనపీట లేదు. వితంతువునకు రెండును లేవు. పెండ్లి చేసికొననివారి మాట ఎవరును తలపెట్టనే లేదు. లెక్కకు రాకపోవుటను ఆమె గమనింపదని కొందరందురు. గమనింపకుండునట్లు ఆమె పెంపబడినదని చెప్పుట నిజమునకు దగ్గర.

ఇది సామాన్య గృహములలోని మాటయే కాదు. 1944 అక్టోబరు 2వ తేదీన గాంధీకి 75 ఏండ్లు నిండెను. తన జన్మదినోత్సవములందు ఆయనకు ప్రీతి లేదు; జరుపవలసియున్నచో దానిని రాట్నము పండుగగా జరుపుడని కోరినవాడు. ఆయన జన్మతిథియైన భాద్రపద బహుళ ద్వాదశిని గుజరాతున రెంటియా బారస్, అనగా రాట్న ద్వాదశి, అని పిలుతురు. ఆ యేడు ఫిబ్రవరి 22వ తేదీన, మహాశివరాత్రి నాడు, కస్తూరిబా పూనాలోని ఆగాఖాన్ భవనమున నిర్బంధములోనే కన్నుమూసెను. ఆమె పేరిట 75 లక్షల రూపాయల నిధిని కూర్చి గాంధీ జన్మదినమున అర్పింపవలెనని నాయకులు సంకల్పించిరి. ప్రజలు కోటికి మించి ఇచ్చిరి. ఆ ధనము గ్రామములలోని స్త్రీలకును శిశువులకును నిర్ణయింపబడినది; దాని మేలును ఎవరు కాదందురు? కాని ఆ 75 అను సంఖ్య ఎచ్చటినుండి వచ్చినదో చూడుడు. భార్య స్మృతికి కొలబద్ద భర్త వయస్సు. కస్తూరిబా 1869 ఏప్రిల్‌లో పుట్టినది, గాంధీకంటె కొన్ని నెలలు పెద్దది. మరి రెండు నెలలు బ్రతికియున్నచో ముందుగా 75 నిండవలసినది ఆమెకే. ఆ సంఖ్య ఆమెదియును అని అప్పుడెవరికైనను తోచినదో లేదో. ఇందులో ఎవరి దుర్బుద్ధియు లేదు. అలవాటు దుర్బుద్ధికంటె బలమైనది.

ఇట్లే ఉండవలెనని శాసనమేమియు లేదు. నేపాలు లోయలోని నేవారులు వృద్ధులకు జంకు అను ఉత్సవము చేయుదురు. 77 ఏండ్ల 7 నెలల 7 దినముల 7 ఘడియలు నిండినప్పుడు వృద్ధుని రథముపై కూర్చుండబెట్టి కుమారులును మనుమలును వీథులలో లాగుదురు. దానిని భీమరథారోహణమందురు. దక్షిణదేశపు భీమరథ శాంతిలో రథము పేరునకే మిగిలినది. హిమాలయపు నీడలో మాత్రము అది చక్రములతో నిజముగా కదలుచున్నది. నాటినుండి ఆ వృద్ధుడు దైవసమానుడు. ఈ గౌరవము పురుషులకే గాక స్త్రీలకును కలదు. నేవారులలోనే ఇహి యను మరియొక ఆచారము కలదు. బాల్యముననే బాలికను మారేడుకాయతో ముడిపెట్టి వివాహము చేయుదురు. ఆ పెండ్లి తెగనిది గనుక పిమ్మట వచ్చిన భర్త మరణించినను ఆమె వితంతువు కాదని వారి భావన. ఈ రెండాచారములకును ఒకదానితో నొకటి సంబంధమున్నదో లేదో గాని, పక్కపక్కన పెట్టి చూచినవారికి ఒకటి తెలియును: ఒక స్త్రీ వయస్సును ఆమె వయస్సుగానే లెక్కించు సమాజము ఉపఖండములోనే, మనకు మిక్కిలి దూరము గాని చోటనే కలదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన మరియొక రీతిని చూడవలెను. ఒక పాఠశాలలో చదివిన ఆరుగురో ఎనిమిదిమందియో స్త్రీలు, అందరును ఇంచుమించు ఒకే యేట పుట్టినవారు, అరువది వచ్చుచున్నదని తెలిసి, ఇంటివారిని ఇండ్లలో నుంచి, తాము కాశికో కాశ్మీరమునకో ప్రయాణమగుచున్నారు. పురుషులిట్లు పోవుట ఎన్నడును విడ్డూరము కాలేదు. స్త్రీలు పోవుట మొన్నమొన్నటి మాట. దీనిపై ఇండ్లలో గుసగుసలు పుట్టును. పరదేశపు అనుకరణమని ఒకరు, ఈ వయసున స్వార్థమేమని మరియొకరు. అన్నిటికంటె తరచుగా వినవచ్చునది, పసివానిని ఎవరు చూతురని. ఈ చివరి ప్రశ్న చాల నిజాయితీ గలది, ఏలయనగా అసలు సంగతిని దాచదు. ఆమె ఆ యింట ఏండ్లుగా గాక చేతులుగా లెక్కింపబడుచున్నదని అది ఒప్పుకొన్నది.

అనుకరణమను మాట నిలువదు. ప్రాయము ముదిరినవాడు ఇల్లు విడిచి దారిపట్టుట ఈ దేశమునకు కొత్తయా? కాశికి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటేయను సామెత తెలుగువారిదే. ఆ సామెత బిగిని సడలించినవారును తెలుగువారే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పరివారముతో బయలుదేరి, కాశి చూచి, పదునైదు నెలలు దాటిన పిమ్మట 1831 సెప్టెంబరులో క్షేమముగా ఇల్లు చేరెను. ఆయన దారిపొడవునను తన మిత్రుడైన కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్లకు వ్రాసిన లేఖలే కాశీయాత్రచరిత్రయైనవి. 1838లో ఆ గ్రంథమును వెలువరించినవాడు ఆ మిత్రుడే. వెంట వచ్చినవారు చాలమంది, కాని ప్రయాణమును నిలిపినది ఇంటనున్న స్నేహితుడు. చెప్పుకొనుటకు ఒక సమానుడు లేనిచో ఎంత దూరము పోయినను పుణ్యము దక్కవచ్చును గాని కథ దక్కదు.

కాశికి వెనుకటి కాలమున పోయిన స్త్రీల సంగతి వేరు. భర్త పోయిన వృద్ధలెందరో కాశికిని బృందావనమునకును చేరిరి, లేదా చేర్పబడిరి. అది తిరిగివచ్చు ప్రయాణము కాదు. నేడు వితంతువైన ఒక స్త్రీ తన అరువదియవ యేట నలుగురు బాల్యసఖులతో అదే కాశికి తిరుగు టిక్కెట్టుతో పోవుచున్నది. ఊరు అదియే, గంగ అదియే. ఆ చిన్న కాగితపు ముక్కలో నూరేండ్ల మార్పు ఇమిడియున్నది.

స్నేహితులతో పోయినపుడు కుటుంబమీయలేనిది ఏది లభించును? దీనికి రవీంద్రనాథుని జీవితములో ఒక చక్కని తార్కాణమున్నది. 1924లో ఆయన క్షితిమోహన సేన్, నందలాల్ బోస్, కాళిదాస నాగ్, ఎల్మ్‌హర్స్ట్ మొదలగు మిత్రులతో చీనా దేశమునకు పోయెను. ఆ మే 8వ తేదీన పెకింగు నగరమున ఆయనకు 63 నిండెను. చీనా మిత్రులు ఆయన రచించిన చిత్ర నాటకమును ప్రదర్శించిరి. లియాంగ్ ఛీ ఛావో ఆయనకు ఝూ ఝెన్‌దాన్ అను పేరు పెట్టెను. భారతదేశమునకును చీనాకును గల ప్రాచీన నామములు రెండును కలిసిన పేరది. చివరి దినముల కవితలలో కూడ ఆ జన్మదినమును ఆయన తలచుకొనెను. ఇంటివారు ఒక మనుష్యునికి ఒక్కసారి పేరు పెట్టి ఊరకుందురు. అరువది దాటిన తరువాత మరియొకసారి నామకరణము చేయుటకు స్నేహితులే తగినవారు.

సామాన్య స్త్రీకి కొత్త పేరు కూడ అక్కరలేదు. పాత పేరు వినబడిన చాలును. తెలుగింట పెండ్లియైన స్త్రీ పేరు మెల్లమెల్లగా మరుగుపడును. ఆమె వదిన, అత్తయ్య, పిన్ని, అమ్మమ్మ, ఫలానావాని తల్లి. ఈ పిలుపులన్నియు తీయనివే, అన్నియు వేరొకరినుండి మొదలై ఆమె యొద్దకు వచ్చునవే. ఆమె అసలు పేరు బ్యాంకు పుస్తకములో నుండును. రైలుపెట్టెలో రాత్రి ఎవరి మాత్రలు వారు తీసి వేసికొనుచుండగా పై బల్లమీదినుండి ఒకతె, ఒసే సుబ్బలక్ష్మీ, ఆ మంచినీళ్లిటు అందీయవే, అని కేక వేయును. ఆ పిలుపులో గౌరవము లేదు, ఆశీర్వాదము లేదు. ముప్పది యేండ్ల తరువాత ఒకరు ఆమెను సూటిగా పిలిచిరి. షష్టిపూర్తినాడు చిన్నవారందరును వచ్చి కాళ్లకు మ్రొక్కుదురు; మ్రొక్కబడినవారు క్షణకాలము విగ్రహములగుదురు. సమవయస్కులు ఒకరి కాళ్లకొకరు మ్రొక్కరు. ఒకరి మోకాళ్ల నొప్పిని చూచి ఒకరు నవ్వుకొందురు.

ఇంత చెప్పినంతమాత్రమున స్నేహమునకు పట్టము కట్టి కుటుంబమును త్రోసిపుచ్చుట న్యాయము కాదు. ప్రయాణమునకు పైకము కావలెను. ఎనిమిదిమంది సఖులలో ఒకతె ఇల్లు చితికియుండును; ఆమె ఏదో జ్వరము వంక చెప్పి ఆగిపోవును; మిగిలినవారు నమ్మినట్లు నటింతురు. షష్టిపూర్తికి పేదబంధువును పిలువక తప్పదు, అతడు చిరిగిన ఉత్తరీయముతో వచ్చినను పంక్తిలో కూర్చుండును. ఎంచుకొన్న బంధములో ఎంచుకొనకుండుటకును స్వాతంత్ర్యమున్నది. అందలి క్రౌర్యము మెత్తగా నుండును గాని క్రౌర్యమే. తోటి సఖి టిక్కెట్టు సొమ్మును ఆమెకు తెలియకుండ పంచుకొన్నవారి ప్రయాణమునకే యాత్రయను పేరు చెల్లును. తక్కినది విహారము, విహారము తప్పు కాదు, అంతే.

మరియు స్నేహితులకు ఆయుష్షు హద్దు కలదు. వారందరును ఒకే యేటివారు గదా. అరువదింట ఎనిమిదిమంది, డెబ్బదింట అయిదుగురు. ఎనుబది నిండునాటికి ప్రయాణమునకు పిలుచుటకు ఎవరుందురు? సహస్రచంద్రదర్శనమను వేడుక అప్పటిది. చాంద్రమాసము 29 దినములన్నర. వేయి పున్నములనగా 80 ఏండ్ల 10 నెలలు. తమిళులు శతాభిషేకమును ఎనుబదింట చేయుదురు. కేరళీయులు 84 నిండువరకు ఆగుదురు, బహుశః మబ్బుపట్టిన పున్నములను తీసివేసిరి కాబోలు! ఆ వయస్సున నీళ్లు పోయు చేతులు బిడ్డలవే. సమానులు లేనివేళ చిన్నవారే దిక్కు.

కాని ఇచ్చట పాత చిక్కు మరింత బిగుసును. స్త్రీలు భర్తలకంటె చిన్నవారు, పురుషులకంటె కొంత ఎక్కువ కాలము బ్రతుకువారు. కనుక వేయి పున్నములు చూచినది పెక్కిండ్లలో తాత కాదు, అవ్వ. ఆ నాటికి పక్కన భర్త లేడు. ఏ ఇంట ఈ ఉత్సవమునకు నిజముగా అర్హులున్నారో ఆ ఇంటనే ఉత్సవము లేదు. పీటలు రెండు కావలెనని విధి, కూర్చుండువారు ఒక్కరు. ఏడాది నిండిన పసిబిడ్డకు ఆయుష్యహోమము చేయునపుడు ఆ బిడ్డ పక్కన ఎవరు కూర్చున్నారని పురోహితుడు అడుగడు, తల్లియొడి చాలును. ఏడాదికి చాలినది ఎనుబదికి ఏల చాలదో చెప్పుట కష్టము.

కొన్ని యిండ్లలో ఇది మారుచున్నది. కూతుండ్రు పట్టుబట్టి తల్లిని ఒక్కతెనే పీటపై కూర్చుండబెట్టుచున్నారు. ఆమె మొదట వద్దనును, నలుగురేమందురని అనును, తెల్లచీర చాలునని అనును. పురోహితుడు సంకల్పము చెప్పవలసివచ్చినపుడు ఆమె గోత్రము, నక్షత్రము, పిమ్మట పేరు అడుగును. కోడలు అత్తయ్యగారనియు, మనుమడు నానమ్మయనియు చెప్పబోయి ఆగుదురు. అప్పుడామె తానే తన పేరు చెప్పును, కొంచెము మెల్లగా. వినబడలేదని పురోహితుడు మరల అడుగగా, ఈ మారు గట్టిగా.